గల్ఫ్‌లో మనవారు నిర్బంధంలో ఉన్నప్పుడు: ఇంటివారికి న్యాయ సహాయం

(కడపలో గల్ఫ్ ప్రవాసుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభ మస్జిదు ఆవరణలో అయినా సంకోచించక వచ్చిన ఇతర మతాల కుటుంబాలవారికి మా నమస్కారాలు. కువైట్‌లోని సులైబియా కారాగారంలో గాని, జిద్దా షుమైసీ తర్హీల్‌లో గాని, దుబాయిలోని అల్ అవీర్ జైలులో గాని మనవారు ఏ మతంవారైనా పడే బాధ ఒక్కటే. మా బల్ల దగ్గరకు వచ్చే అర్జీలలోనూ ఆ భేదం లేదు.

ముందుగా ఒక మాట. మేము న్యాయవాదులము కాము. ప్రభుత్వ కార్యాలయాలలో దశాబ్దాలపాటు ఫైళ్లు నడిపి పదవీ విరమణ పొందిన కొద్దిమంది గుమాస్తాలము, ఇద్దరు ఉపాధ్యాయులము, గల్ఫ్‌లో పనిచేసి తిరిగివచ్చిన మరి ఇద్దరు సోదరులము కలిసి వారానికి రెండు రోజులు అర్జీలు వ్రాసిపెడుతున్నాము. అర్జీ ఎక్కడికి పోవాలి, దానిలో ఏమి ఉండాలి, జవాబు రాకపోతే ఎవరిని అడగాలి అన్నది మా విద్య. ఈనాడు మీతో పంచుకొనేది అదే.

వారానికి రెండుసార్లు ఫోను చేసే మనిషి నుండి పది రోజులు పలుకు లేకపోతే ఆ ఇంట్లో ఏమి జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. మొదట ఫోను పాడైందనుకుంటారు. తర్వాత అతని గదిలో ఉండే స్నేహితుడికి ఫోను చేస్తారు. అతడు ఎత్తడు, ఎత్తినా మాట దాటవేస్తాడు. చివరకు ఎవరో ఒకరు 'పట్టుకుపోయారు' అంటారు. ఆ ఒక్క మాటతో ఇంటివారు పరుగు మొదలుపెడతారు. మొదట వీసా తెచ్చిన ఏజెంటు దగ్గరకు, తర్వాత నాయకుని ఇంటికి, ఆ తర్వాత వడ్డీ వ్యాపారి దగ్గరకు. ఈ వరుసను తిరగవేయాలని చెప్పడానికే మేము వచ్చాము. ముందు తెలుసుకోవడం, పిదప వ్రాయడం, డబ్బు అన్నిటికంటే చివర.

'పట్టుకుపోయారు' అన్న మాటకు అక్కడ వేర్వేరు అర్థాలున్నాయి. ఎవరు పట్టుకున్నారు, దేనికి పట్టుకున్నారు అన్నది తెలియకుండా ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ చీకట్లో విసిరిన రాయే. మా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం నేరాలు కావు, నివాసపు కేసులు. అఖామా గడువు తీరిపోయినవారు, ఒక కఫీల్ వీసాపై వచ్చి మరొకరి దగ్గర పనిచేస్తూ తనిఖీలో దొరికినవారు, యజమాని 'పారిపోయాడు' అని ఫిర్యాదు చేసినవారు. సౌదీలో దీనినే హురూబ్ అంటారు. కువైట్‌లో మనవారికి బాగా తెలిసిన చిక్కు ఇంకొకటి. ఇంటిపని వీసా ఇరవై నంబరు, కంపెనీ వీసా పద్దెనిమిది నంబరు. ఇరవై నంబరుపై వెళ్లి హోటల్లోనో, లాండ్రీలోనో, బయటి ట్యాక్సీపైనో పనిచేస్తే అది అక్కడి చట్టానికి విరుద్ధమే. 'ఆజాద్ వీసా' అని మనవాళ్లు లక్షలు పోసి కొంటున్నారే, ఆ పేరుగల వీసా ఏ దేశపు చట్టంలోనూ లేదు.

ఇటువంటి కేసులో సాధారణంగా జరిగేది వేలిముద్రలు తీసుకొని, మళ్లీ రాకుండా నిషేధం పెట్టి, స్వదేశానికి పంపివేయడం. దీనికి లక్షలు పోసి లాయరును పెట్టవలసిన అవసరం చాలామందికి ఉండదు. కావలసినవి మూడు: పాస్‌పోర్టు గాని, అది లేకపోతే మన రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ గాని, విమాన టిక్కెట్టు, అతనిపై వేరే కేసేదీ పెండింగులో లేకపోవడం. ఈ సంగతి తెలియక ఒక సోదరి పుస్తెలతాడు తాకట్టుపెట్టి ఎనభై వేలు ఒక బ్రోకరు చేతిలో పోసింది. భర్తను పదిహేను రోజులలో విడిపిస్తానన్నాడు. పదిహేను రోజులకు భర్త ఇంటికి రానే వచ్చాడు. వచ్చింది బ్రోకరు వల్ల కాదు, తర్హీల్ నుండి ఎలాగూ పంపించేవారే. ఆ బ్రోకరు ఈనాటికీ ఆ పేరు చెప్పి మరో నలుగురి దగ్గర డబ్బు తీసుకుంటున్నాడు. ఆ సోదరి ఇంకా వడ్డీ కడుతున్నది.

క్షమాభిక్ష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కువైట్ ప్రభుత్వం 2018లో, 2020లో, 2024లో, యు.ఏ.ఈ. 2018లో, 2024లో ఇటువంటి గడువులు ప్రకటించాయి. గడువు తీరిన అఖామాతో దాగి ఉన్నవారు తమంతట తాము ముందుకు వచ్చి జరిమానాల బాధ లేకుండా వెళ్లిపోవడానికి అవి అవకాశమిచ్చాయి. 'ఇంకో ఆరు నెలలు సంపాదించుకొని వస్తాను' అన్న కొడుకులకు అటువంటి సమయంలో 'వద్దు బేటా, ఇప్పుడే వచ్చేయ్' అని చెప్పవలసింది ఇక్కడి తల్లిదండ్రులే. అప్పు భయంతో వారు ఆ మాట చెప్పలేకపోతున్నారు. మేమెరిగిన ఇళ్లలో చాలావాటి చరిత్ర అదే.

రెండవ రకం డబ్బు కేసులు. కంతులపై కారు తీసుకోవడం, స్నేహితుని అప్పుకు జామీను సంతకం పెట్టడం, చెక్కు చెల్లకపోవడం, దుకాణం లెక్కలో తేడా వచ్చిందని యజమాని 'అమానత్‌లో ఖియానత్' కేసు పెట్టడం. వీటిలో జైలు ఒక బాధ, ప్రయాణ నిషేధం మరొక బాధ. శిక్ష ముగిసినా బాకీ తీరేదాకా విమానం ఎక్కనివ్వరు. జీతం బాకీ అడిగిన కూలీపై యజమాని ఎదురు కేసు పెట్టడం కూడా కద్దు. అందుచేత జీతం రాని రోజునే అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు నమోదు చేయించుకోవాలి. తేదీ ముందున్న కాగితానికి ఉన్న విలువ కోర్టులో వంద నోటిమాటలకు ఉండదు.

మూడవది నేరారోపణ. మత్తుపదార్థాలు, కొట్లాట, దొంగతనం, రోడ్డు ప్రమాదంలో మరణం. ఊరి నుండి బయలుదేరేటప్పుడు 'మా తమ్ముడికి ఊరగాయ' అని ఎవరో చేతిలో పెట్టిన పొట్లం విప్పిచూడకుండా తీసుకుపోవడం ఎంత ప్రమాదమో యువకులకు చెప్పండి. ఇటువంటి కేసులలో మొదటి రోజు నుండే లాయరు కావాలి. ఇక్కడ ఆలస్యం చేయరాదు.

ఇక హక్కుల మాట. 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం ఉంది. దాని 36వ అధికరణ ప్రకారం విదేశీయుని నిర్బంధించినప్పుడు 'మీ దేశపు రాయబార కార్యాలయానికి తెలియజేయమంటారా' అని ఆలస్యం చేయక అతనిని అడగాలి. అతడు కోరితే తెలియజేయాలి. కాన్సులర్ అధికారి అతనిని కలవవచ్చు, ఉత్తరాలు నడపవచ్చు, న్యాయవాదిని ఏర్పాటు చేయవచ్చు. భారతదేశమూ, మనవారు పనిచేసే గల్ఫ్ దేశాలూ ఈ ఒప్పందంలో ఉన్నవే. కులభూషణ్ జాదవ్ విషయంలో భారత ప్రభుత్వం పాకిస్తాన్‌పై హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, 2019 జూలైలో అనుకూలమైన తీర్పు పొందింది ఈ అధికరణపైనే. నౌకాదళ మాజీ అధికారికి వర్తించిన హక్కు రాయచోటి నుండి పోయిన డ్రైవరుకూ వర్తిస్తుంది. అడగవలసిన విధంగా అడగాలి, అంతే.

అడగవలసినవాడు మొదట ఖైదీయే. ఇది చాలా కుటుంబాలకు తెలియదు. విదేశీ జైళ్లలో 10,000కు పైగా భారతీయులున్నారని, వారిలో సగమంది సౌదీ, యు.ఏ.ఈ.లలోనే ఉన్నారని 2025 మార్చిలో విదేశాంగ శాఖ పార్లమెంటుకు చెప్పింది. అదే శాఖ ఏటా ఒక మాట చెబుతూ ఉంటుంది: అనేక దేశాలలో గోప్యతా చట్టాలు గట్టిగా ఉన్నందున ఖైదీ స్వయంగా సమ్మతిస్తే తప్ప అక్కడి అధికారులు అతని వివరాలు మన కార్యాలయాలకు ఇవ్వరు. మనవాడేమో సిగ్గుపడి, లేక భయపడి, 'ఎంబసీకి చెప్పవద్దు' అంటాడు. ఇక్కడ భార్య ఎంబసీ వాళ్లు పట్టించుకోవడం లేదని ఏడుస్తుంది. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క సంతకం.

అందుచేత లోపలి నుండి రెండు నిమిషాల ఫోను వస్తే, 'ఎలా ఉన్నావు, తిన్నావా' అన్నవి ఒక్క క్షణంలో ముగించండి. అది కఠినమైన పని అని మాకు తెలుసు. అతనికి మూడు మాటలు చెప్పండి. మా రాయబార కార్యాలయానికి తెలియజేయండి అని వ్రాతపూర్వకంగా అడుగు. దుబాసీని అడుగు. అర్థంకాని కాగితంపై సంతకం పెట్టకు. ఈ మూడవది మనవారి విషయంలో ముఖ్యం. మనలో చాలామంది చిన్ననాడు ఖురాన్ చదివినవారే కనుక అరబీ వచ్చునని పోలీసులూ అనుకుంటారు, మనమూ అనుకుంటాము. వచ్చినవి అక్షరాలు. కోర్టు భాష రాదు. అక్షరాలు కూడబలుక్కొని చదివాడు కనుక అర్థమై సంతకం చేశాడని వ్రాసుకుంటారు. సౌదీ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో దర్యాప్తు దశలోనే న్యాయవాదిని పెట్టుకొనే హక్కు ఉంది. చట్టంలో ఉన్నది పోలీసు స్టేషనులో తనంతట తాను దిగిరాదు. నోరు తెరిచి అడగాలి.

అతనిని మూడు మాటలు అడగండి కూడా. ఏ స్టేషను, ఏ జైలు. కేసు నంబరు. పట్టుకున్న తేదీ. ఇవి గోడమీదనైనా సరే వెంటనే వ్రాసుకోండి.

ఇప్పుడు ఇంటివారు చేయవలసిన వ్రాతపని. విదేశాంగ శాఖవారి 'మదద్' అనే పోర్టల్ 2015 నుండి నడుస్తున్నది. విదేశంలో కష్టంలో ఉన్నవారి తరఫున ఇంటివారు దానిలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రుసుము లేదు. నమోదు కాగానే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరే ఇక మీదట మీ ఫైలు. నాయకుల సిఫారసు ఉత్తరాలను మేము తీసిపారేయడం లేదు. పార్లమెంటు సభ్యుడు వ్రాస్తే మంచిదే. అయితే ఆ ఉత్తరంలో మదద్ నంబరు లేకపోతే అది ఢిల్లీలో ఏ ఫైలులోనూ చేరదు. ఫైలులో చేరని ఉత్తరం గతి ఏమిటో మాకంటే ఎక్కువగా ఎవరికీ తెలియదు.

అర్జీ ఒక్క పేజీ మించకూడదు. అల్లా పేరున, మీ పాదాలకు మొక్కి అంటూ వ్రాయవద్దు. మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు, అక్కడి గుర్తింపు నంబరు, యజమాని పేరు, చివరిసారి మాట్లాడిన తేదీ, ఎక్కడ ఉన్నాడన్న సమాచారం, మనం కోరేదేమిటి. కోరేది స్పష్టంగా ఉండాలి. 'నా భర్తను రక్షించండి' అన్నది ప్రార్థన. 'నా భర్తను కాన్సులర్ అధికారి కలవాలి, ఆరోపణ ఏమిటో తెలపాలి, దుబాసీని, న్యాయవాదిని ఏర్పాటు చేయాలి' అన్నది అర్జీ. అధికారి అవునో కాదో జవాబు చెప్పవలసి వచ్చేది రెండవదానికే.

పేరు దగ్గర చాలా తంటా ఉంది. మన జిల్లాలో షేక్ అని, సయ్యద్ అని, పఠాన్ అని ఇంటిపేరు ముందు వ్రాస్తాము. అక్కడ చివరి పదాన్ని ఇంటిపేరనుకుంటారు. బాషాను పాషా అంటారు, వలీని వాలీ అంటారు. షేక్ బాషా అని వెతికితే వందమంది దొరుకుతారు, లేదా ఒక్కరూ దొరకరు. కనుక నంబరే మనిషి. కువైట్ సివిల్ ఐడీకి 12 అంకెలు, సౌదీ అఖామాకు 10, ఎమిరేట్స్ ఐడీకి 15. ఒక వృద్ధురాలు కొడుకు ఫోటో ఒక్కటి పట్టుకొని మా దగ్గరకు వచ్చింది. పాస్‌పోర్టు నకలు లేదు, వీసా కాగితం లేదు. ఇంట్లో డబ్బు పంపిన రసీదులేమైనా ఉన్నాయా అని అడిగితే, బియ్యం డబ్బా అడుగున పరిచిన కాగితాలలో నుండి ఎక్స్‌చేంజి రసీదు ఒకటి తెచ్చింది. కొడుకు వాట్సాప్‌లో పంపితే మనవడు ప్రింటు తీయించి పెట్టాడట. దాని మూలలో సివిల్ ఐడీ నంబరు ఉంది. ఆ నంబరుతో వ్రాసిన తర్వాతే అతడు ఎక్కడ ఉన్నాడో జవాబు వచ్చింది.

రాయబార కార్యాలయం ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అన్నది తెలిసి అడిగితే మీకూ నిరాశ తగ్గుతుంది. వారు కోర్టులో వాదించరు, ఖైదీని విడిచిపెట్టమని ఆజ్ఞాపించలేరు. కలవగలరు, స్థానిక న్యాయవాదుల జాబితా ఇవ్వగలరు, ఔట్‌పాస్ ఇవ్వగలరు. వారి చేతిలో 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. ఆర్థిక స్తోమత లేనివారికి ప్రాథమిక న్యాయ సహాయం, చిన్నపాటి జరిమానాలు, తిరుగు టిక్కెట్టు దాని నుండి ఇవ్వవచ్చు. అర్హత వారే నిర్ణయిస్తారు, అయితే అడగనివారికి రాదు. అడగడానికి మొహమాటపడే పెద్దలకు ఒక సంగతి: ఆ నిధి ఎవరి దానమూ కాదు. పాస్‌పోర్టుకో, అటెస్టేషనుకో మనవాళ్లే అక్కడి కౌంటరులో కట్టిన రుసుములో కొంత భాగం కలుపుతూ పోగుచేసినది.

ఈ.సీ.ఆర్. పాస్‌పోర్టుపై ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతితో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాద మరణానికి 10 లక్షలని అందరికీ తెలుసు. ఉద్యోగానికి సంబంధించిన వ్యాజ్యం వస్తే న్యాయ ఖర్చులకు 45,000 దాకా అదే పాలసీలో ఉన్నదని ఏజెంటు చెప్పడు. పాలసీ కాగితం ఇంట్లో ఉందో లేదో, గడువు ఉందో తీరిందో ఈ రాత్రే చూడండి.

వకాలతు గురించి హెచ్చరిక. అక్కడి లాయరుకు ఖైదీయే లోపలి నుండి వకాలా ఇవ్వగలిగితే అదే సులభం. ఇక్కడి నుండి ఇంటివారు పవర్ ఆఫ్ అటార్నీ పంపవలసి వస్తే నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ శాఖ, విదేశాంగ శాఖ, ఆ దేశం కోరితే దాని రాయబార కార్యాలయం, ఇలా ముద్రలు వరుసగా పడాలి. ఆ పత్రం ఒక్క కేసుకే పరిమితమని దానిలోనే వ్రాయించండి. 'అన్ని అధికారాలూ' అని వ్రాసిన స్టాంపు కాగితంపై గాని, తెల్ల కాగితంపై గాని వేలిముద్ర వేయవద్దు. ఖైదీని విడిపించే పేరున ఇల్లు అమ్ముకొనే అధికారం బ్రోకరుకు వ్రాసి ఇచ్చినవారు మనలో ఉన్నారు.

దియా గురించి చాలామంది అడుగుతున్నారు. సౌదీలో ప్రమాదవశాత్తు మరణానికి దియా 3 లక్షల రియాళ్లు. బండికి బీమా ఉంటే అది చెల్లించేది బీమా కంపెనీ. బీమా గడువు తీరిన బండిని యజమాని నడపమంటే ఆ భారం డ్రైవరు మెడకు చుట్టుకుంటుంది. తాళం చేతికి తీసుకొనే ముందు బీమా తేదీ చూసుకోవాలని మీ పిల్లలకు చెప్పండి. ఇక ప్రాణం తీసిన కేసులో రెండు హక్కులు ఉంటాయి. ఒకటి మృతుని కుటుంబపు హక్కు, వారు దియా తీసుకొని క్షమించవచ్చు. రెండవది ప్రభుత్వ హక్కు. కుటుంబం క్షమించినా ఇది మిగిలే ఉంటుంది. కోళికోడ్‌కు చెందిన ఒక డ్రైవరు కోసం 2024 ఏప్రిల్ నాటికి మలయాళీలు ప్రపంచం నలుమూలల నుండి 34 కోట్ల రూపాయలు పోగుచేశారు. ఆ జూలైలో రియాద్ కోర్టు మరణశిక్షను రద్దుచేసింది. మనిషి మాత్రం వెంటనే ఇంటికి రాలేదు; ప్రభుత్వ హక్కు కింద, గడిపిన కాలాన్ని కలుపుకొని 20 ఏళ్ల శిక్ష అని 2025లో తీర్పు వచ్చింది.

మన తెలుగువారి కేసు మరింత దగ్గరది. సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు కూలీలు దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో శిక్షపడి జైలులో ఉండిపోయారు. కె. తారక రామారావు నేపాల్ వెళ్లి మృతుని కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందజేసి క్షమాపణ పత్రం తెచ్చారు. ఆ పత్రం చేతికి వచ్చిన తర్వాత కూడా ఏళ్లు గడిచాయి. దాదాపు 18 ఏళ్ల పిదప, 2024 ఫిబ్రవరి నాటికి గాని వారు ఇళ్లకు చేరలేదు. డబ్బు ఇచ్చిన మరునాడే మనిషి వస్తాడని ఎవరైనా మాట ఇస్తే నమ్మవద్దని చెప్పడానికే ఈ రెండూ ఎత్తుకున్నాము. దియా సొమ్ము కోర్టు ద్వారానో, రాయబార కార్యాలయం ద్వారానో చేరాలి. మధ్యవర్తి జేబు ద్వారా కాదు.

శిక్ష ఖరారైనవారు మిగిలిన కాలాన్ని భారతదేశపు జైలులో గడపడానికి 2003 నాటి ఖైదీల స్వదేశాగమన చట్టం ఉంది. సౌదీ, యు.ఏ.ఈ., కువైట్‌లతో ఒప్పందాలున్నాయి. ఖైదీ అంగీకారమూ, రెండు ప్రభుత్వాల అంగీకారమూ కావాలి, శిక్ష కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. దరఖాస్తు ఖైదీయే రాయబార కార్యాలయం ద్వారా పెట్టాలి. నెమ్మదిగా నడిచే దారి ఇది. పదేళ్ల శిక్ష పడినవాని తల్లికి మాత్రం కడప జైలులో ములాకాతు దొరకడం చిన్న సంగతి కాదు.

ఇక్కడ మన ఊళ్లో దొరికే న్యాయ సహాయం మరచిపోతున్నాము. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి చట్టంలోని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. అంటే ఖైదీ భార్య, తల్లి, చెల్లెలు తమ హక్కుగా వెళ్లవచ్చు. ఫోను నంబరు 15100. ఆ సంస్థ కువైట్ కోర్టులో వాదించదు. మోసం చేసిన ఏజెంటుపై ఫిర్యాదు వ్రాయించడానికి, అఫిడవిట్లకు, విదేశాంగ శాఖ కదలకపోతే హైకోర్టులో రిట్ వేయడానికి మాత్రం అది ఉపయోగపడుతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషను లేని ఏజెంటు మనుషులను పంపడం నేరం; రిజిస్ట్రేషను ఉన్నవాడు కూడా సేవా రుసుముగా 30,000, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోకూడదు. ఈ చట్టం కింద ప్రాసిక్యూషనుకు కేంద్రం అనుమతి కావాలని పోలీసులు మిమ్మల్ని వెనక్కి పంపితే 27వ సెక్షను చివర ఉన్న మినహాయింపు చూపండి. వలస వెళ్లినవారు గాని, వారి తరఫున తండ్రి, తల్లి, భార్య, భర్త, బిడ్డలు, తోబుట్టువులు గాని ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కరలేదు. దాని నకళ్లు మా బల్లపై ఉన్నాయి, తీసుకువెళ్లండి.

మదద్‌లో జవాబు రాకపోయినా, 'చర్య తీసుకొనబడుచున్నది' అన్న మాటే మూడు నెలలుగా కనిపిస్తున్నా, సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో విదేశాంగ శాఖను అడగవచ్చు. మామూలుగా 30 రోజులు. మనిషి ప్రాణానికి గాని స్వేచ్ఛకు గాని సంబంధించిన సమాచారమైతే 48 గంటలలో ఇవ్వాలని 7వ సెక్షను చెబుతున్నది. ఆ వాక్యాన్ని అర్జీ తలభాగంలోనే వ్రాయండి. ప్రతి అధికారీ దానిని ఒప్పుకోడు. ఒప్పుకోని అధికారి కూడా ఆ ఫైలును పైకి తీసి ఒకసారి చూస్తాడు, దానికైనా అది పనికివస్తుంది.

ఇంటిపనికి వెళ్లిన మన ఆడబిడ్డల సంగతి వేరుగా చెప్పాలి. 30 ఏళ్లు నిండనివారిని ఈ.సీ.ఆర్. దేశాలకు ఇంటిపనికి పంపరాదని నియమం. అందుకే ఏజెంట్లు విజిట్ వీసాపై దొంగదారిన పంపుతున్నారు. దెబ్బలు తట్టుకోలేక ఇల్లు దాటిన పిల్లపై యజమానురాలు దొంగతనపు ఫిర్యాదు పెడుతుంది. అప్పుడామె బాధితురాలు కాదు, ముద్దాయి. కువైట్‌లోని మన రాయబార కార్యాలయంలో ఇటువంటి స్త్రీలకు ఆశ్రయ గృహం ఉంది. వెళ్లిన దారి సక్రమం కాదని ఆ తలుపు మూయరు. ఆ చిరునామా మీ బిడ్డ ఫోనులో కాక, బట్టలో కుట్టిన కాగితంపై ఉండాలి. ఫోను ముందే లాక్కుంటారు. ఇంటికి తిరిగివచ్చిన తర్వాత ఆమెను 'జైలుకు పోయి వచ్చింది' అనే నోళ్లు మన వాడల్లోనే ఉన్నాయి. ఆ నోళ్లకు భయపడే కుటుంబాలు మొదటి పది రోజులు దాచిపెడుతున్నాయి. న్యాయ సహాయం బాగా పనిచేసేది ఆ పది రోజులలోనే. మొహల్లా పెద్దలు, ఇమాములు జుమా నాడు ఈ మాట ఒక్కటి చెబితే మేము వ్రాసే వంద అర్జీలకంటే మేలు.

జకాత్ సొమ్ము ఈ కేసులకు ఇవ్వవచ్చునా అని కొందరు చీటీలు పంపారు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బంధ విముక్తి కోరేవారు, అప్పులపాలైనవారు ఉన్నారు. ఏ కేసుకు వర్తిస్తుందో చెప్పవలసినవారు ఉలమాలు. మా వంతు షరతు గుమాస్తా షరతు: సొమ్ము లాయరు ఖాతాకో, కోర్టు ఖాతాకో నేరుగా పోవాలి, రసీదు నకలు మస్జిదు కమిటీ ఫైలులో ఉండాలి.

సభ ముగిసిన తర్వాత వరండాలో మా సోదరులు ఒక ఫారం ఇస్తారు. దానిలో మీవాని పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే, పాస్‌పోర్టు నంబరు, అక్కడి ఐడీ నంబరు, కఫీల్ పేరు, ఫోను నంబరు, గదిలో ఉండే మరో ఇద్దరి నంబర్లు, బీమా గడువు తేదీ నింపి ఇంట్లో ఒకటి, నమ్మకమైన బంధువు దగ్గర ఒకటి ఉంచండి. మాకు ఇవ్వనక్కరలేదు. అందరూ క్షేమంగా ఉన్నవారు కూడా నింపండి. చదువురానివారికి వ్రాసిపెట్టడానికి ఇద్దరు ఆడపిల్లలు మగ్రిబ్ దాకా కూర్చుంటారు. పాస్‌పోర్టు నకలు లేనివారు ఈ రాత్రి ఫోను వచ్చినప్పుడు మొదటి పేజీ, చివరి పేజీ, అఖామా రెండు వైపులా ఫోటో తీసి పంపమని అడగండి. ఇప్పటికే ఎవరైనా నిర్బంధంలో ఉన్న కుటుంబాలవారు వరుసలో నిలబడక నేరుగా లోపలి గదికి రండి.